కోడ్‌లో ఉన్న ఫంక్షన్ సోర్స్ బ్రౌజర్‌లో కనపడకపోతే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శ్రోతలకు నమస్కారం. ప్రోగ్రాములు రాసేటప్పుడు ఎఫ్12 నొక్కినా ఫంక్షన్ రాసిన చోటికి, అంటే డెఫినిషన్‌కి వెళ్లకపోవడం, ఏ పేరు ఎక్కడ ఉందో చెప్పే బ్రౌజ్ సమాచారం సగమే రావడం, ఈ రోజు వీటి గురించే. మొదటి కాల్ పలాస నుంచి. చెప్పండి.

శ్రోత (పలాస): హలో, వినపడుతోందా అండీ? నమస్కారం సార్. ఇక్కడ జీడిపప్పు వ్యాపారులకి తూకం, బిల్లింగు చేసే పాత సాఫ్ట్‌వేర్ ఒకటి నేను చూసుకుంటున్నానండి. నేను రాసింది కాదు, విజువల్ సీ ప్లస్ ప్లస్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, రాసినాయన ఊళ్లో లేరు, ఇప్పుడు బిల్లులో చిన్న మార్పు చెయ్యాలి, ఏ ఫంక్షన్ ఎక్కడి నుంచి పిలుస్తున్నారో తెలియాలి కదా, అది చూపించే సోర్స్ బ్రౌజర్ తెరిస్తే నాలుగైదు ఫైళ్లవే వస్తున్నాయి, మిగతావి అసలు లేనట్టే...

నిపుణుడు: ఒక్క నిమిషం బాబూ. మధ్యలో ఏమైనా డిలీట్ చేశారా?

శ్రోత (పలాస): అదే సార్, బ్రౌజ్ సమాచారం ఉండే డాట్ బీఎస్‌సీ ఫైల్ పాడైందేమో అని అది ఒక్కటీ తీసేసి మళ్లీ బిల్డ్ కొట్టాను. అప్పటి నుంచే.

నిపుణుడు: అక్కడే ఉంది విషయం. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఒక్కో సీపీపీ ఫైల్‌కి, అంటే కోడ్ ఫైల్‌కి, ఒక డాట్ ఎస్‌బీఆర్ ఫైల్ రాస్తుంది. బీఎస్‌సీమేక్ అనే పనిముట్టు అవన్నీ కలిపి ఒక్క డాట్ బీఎస్‌సీ చేస్తుంది, చేశాక ఎస్‌బీఆర్‌లని సున్నా సైజుకి కత్తిరించేస్తుంది. గంపల్లో ధాన్యం గాదెలో పోసేశాక గంపల్లో ఏముంటుంది? మీరు గాదెనే తీసేశారు. తర్వాత ఉత్తి బిల్డ్ కొడితే మారిన ఫైళ్లే కంపైల్ అవుతాయి, వాటి ఎస్‌బీఆర్‌లే నిండుతాయి. మీకు కనపడే నాలుగైదు ఫైళ్లు అవే.

శ్రోత (పలాస): అయితే మళ్లీ బిల్డ్ కొట్టమంటారా?

నిపుణుడు: బిల్డ్ కాదు, అన్ని ఫైళ్లనీ మళ్లీ కంపైల్ చేసే రీబిల్డ్ ఆల్. అంతకుముందు ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం కాపీ తీసి వేరే చోట పెట్టండి. రాసినాయన లేరంటున్నారు, ఆ సోర్స్ పోతే ఇక ఎవరూ తెచ్చివ్వలేరు. తర్వాత ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, పైన ఆల్ కాన్ఫిగరేషన్స్ పెట్టి, సీ ప్లస్ ప్లస్ ట్యాబ్‌లో జనరేట్ బ్రౌజ్ ఇన్ఫో, బ్రౌజ్ ఇన్ఫో ట్యాబ్‌లో బిల్డ్ బ్రౌజ్ ఇన్ఫో ఫైల్, రెండూ టిక్ చెయ్యండి. చాలామంది పరీక్షించుకునే డీబగ్ కాన్ఫిగరేషన్‌కి పెట్టి, వాడేవాళ్లకిచ్చే రిలీజ్‌కి మర్చిపోతారు. అప్పుడు రీబిల్డ్ ఆల్. ఎర్రర్లు ఏమైనా ఉంటే ముందు అవి సరిచెయ్యాలి.

శ్రోత (పలాస): సరే సార్. క్లాసుల జాబితా చూపే క్లాస్ వ్యూ కూడా తేడాగా ఉంది, దానికీ ఇదే పని చేస్తుందా?

నిపుణుడు: అది వేరు. క్లాస్ వ్యూ డాట్ ఎన్‌సీబీ అనే ఫైల్ మీద నడుస్తుంది. వర్క్‌స్పేస్ మూసేసి ఎన్‌సీబీ తీసెయ్యండి, తెరిచినప్పుడు అదే తయారవుతుంది. డీఎస్‌పీ, డీఎస్‌డబ్ల్యూ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు, అవే మీ ప్రాజెక్టు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తర్వాత...

శ్రోత (పలాస): మేడమ్, ఒక్కటి, ఒక్కటే. రీబిల్డ్ కొట్టినా కొన్ని ఫంక్షన్లు రాకపోతే? ఎందుకంటే ముందు కూడా, అంటే నేను డిలీట్ చెయ్యకముందు కూడా, ఒక రౌండాఫ్ ఫంక్షన్ కోడ్‌లో ఉంది గాని బ్రౌజర్‌లో లేదు.

నిపుణుడు: మంచి ప్రశ్న అడిగారు. ఆ ఫంక్షన్‌ని ఎవరైనా పిలుస్తున్నారా?

శ్రోత (పలాస): తెలీదు సార్, అదే చూద్దామని.

నిపుణుడు: ఎక్కడా వాడని పేర్లని బీఎస్‌సీమేక్ మామూలుగా నమోదు చెయ్యదు. స్లాష్ ఐయూ ఆప్షన్ ఇస్తేనే అవీ వస్తాయి, దానికి ఎస్‌బీఆర్ ప్యాక్ అవ్వకుండా కంపైలర్‌కి స్లాష్ జెడ్ఎన్ కూడా ఇవ్వాలి. ఇంకో కారణం, అది ఇఫ్‌డెఫ్, అంటే మాక్రో అనే ఒక పేరు ఆన్‌లో ఉంటేనే చదవమనే షరతు, దాని లోపల ఉండి ఆ మాక్రో ఆన్‌లో లేకపోతే కంపైలర్ దాన్ని చదవనే చదవదు. కంపైలర్ చదవంది బ్రౌజర్‌కి తెలీదు బాబూ, ఇది మాత్రం గుర్తుంచుకోండి. బ్రౌజర్‌లో లేదు కదా అని ఆ ఫంక్షన్ తీసెయ్యకండి. ఫైండ్ ఇన్ ఫైల్స్‌తో పేరు పెట్టి వెతకండి, అది అక్షరాలే చూస్తుంది కాబట్టి ఇఫ్‌డెఫ్‌లో ఉన్నా దొరుకుతుంది. వ్యాపారుల డబ్బు లెక్క అది, తొందర వద్దు.

శ్రోత (పలాస): చాలా థాంక్స్ సార్. అయితే ముందు కాపీ, తర్వాత రీబిల్డ్ ఆల్.

నిపుణుడు: అంతే. ముందు కాపీ.

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (విజయనగరం): సార్, వీఎస్ కోడ్ ఎడిటర్‌లో క్లాంగ్‌డీ, అదే కోడ్ చదివి తప్పులు చూపే పనిముట్టు, పెట్టుకున్నాను. ప్రోగ్రామ్ బాగానే కంపైల్ అవుతుంది, ఎడిటర్‌లో మాత్రం ఇంక్లూడ్‌ల కింద అన్నీ ఎర్ర గీతలే. బిల్డ్ ఏర్పాట్లు చేసే సీమేక్‌లో ఎక్స్‌పోర్ట్ కంపైల్ కమాండ్స్ ఆన్ చేశాను, కంపైల్ కమాండ్స్ జేసన్ ఫైల్ రావట్లేదు, టెన్షన్‌గా ఉంది సార్, ప్రాజెక్ట్ రివ్యూ దగ్గరపడింది.

నిపుణుడు: టెన్షన్ ఎందుకు తమ్ముడూ, కంపైల్ అవుతోందన్నావుగా, కోడ్ బాగానే ఉంది. విండోస్‌లో విజువల్ స్టూడియో జనరేటర్, అంటే సీమేక్ విజువల్ స్టూడియో ప్రాజెక్ట్ తయారుచేసే పద్ధతి, వాడుతున్నావా?

శ్రోత (విజయనగరం): అవును సార్.

నిపుణుడు: ఆ జనరేటర్‌కి ఆ ఆప్షన్ పట్టదు. మేక్‌ఫైల్ జనరేటర్లకీ, నింజా అనే బిల్డ్ పనిముట్టు జనరేటర్‌కే పనిచేస్తుంది. బిల్డ్ అనే పేరుతో కొత్త ఫోల్డర్‌లో నింజా పెట్టి కాన్ఫిగర్ చెయ్యి, కంపైల్ కమాండ్స్ జేసన్ వస్తుంది. ప్రాజెక్ట్ కింద బిల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటే క్లాంగ్‌డీ తనే చూసుకుంటుంది. తర్వాత క్లాంగ్‌డీని రీస్టార్ట్ చెయ్యి. పాత ఫోల్డర్ కాపీ ఉంచుకో.

వ్యాఖ్యాత: చీపురుపల్లి నుంచి, చెప్పండి.

శ్రోత (చీపురుపల్లి): సార్, కోడింగ్‌కి ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు, యాభై వేల లోపు...

వ్యాఖ్యాత: అది ఈ రోజు విషయం కాదండీ, ఇంకోసారి తప్పకుండా. రాజాం నుంచి ఆఖరి కాల్.

శ్రోత (రాజాం): నమస్తే సార్, ఈసీఈ చదువుతున్నాను. మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాములు రాసే కీల్‌లో గో టు డెఫినిషన్ నొక్కితే బ్రౌజ్ ఇన్ఫర్మేషన్ లేదంటోంది.

నిపుణుడు: ఆప్షన్స్ ఫర్ టార్గెట్, అవుట్‌పుట్ ట్యాబ్, అక్కడ బ్రౌజ్ ఇన్ఫర్మేషన్ టిక్ చెయ్యమ్మా.

శ్రోత (రాజాం): టిక్ ఉంది సార్.

నిపుణుడు: టిక్ పెట్టాక అన్ని ఫైళ్లూ రీబిల్డ్ చేశావా?

శ్రోత (రాజాం): లేదు సార్, బిల్డే కొట్టాను.

నిపుణుడు: రీబిల్డ్ కొట్టు తల్లీ. నువ్వు మెయిన్‌లో ఏ పేరు మీద నొక్కుతున్నావో అది రాసి ఉన్న ఫైల్ ప్రాజెక్ట్‌లో చేర్చి ఉందో లేదో కూడా చూసుకో, ఫోల్డర్‌లో ఉంటే సరిపోదు.

శ్రోత (రాజాం): ఆ... చేర్చలేదేమో సార్, చూస్తాను.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. సార్‌కి, శ్రోతలకి ధన్యవాదాలు. తర్వాత వార్తలు.