గోడకెక్కిన వారం

(నెల్లూరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా, శనివారం సాయంత్రం మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అమ్మలకీ, అక్కలకీ, చెల్లెళ్ళకీ, వెనక గోడకి ఆనుకుని “ఇది మన సంగతి కాదులే” అన్నట్టు నిలబడ్డ అయ్యలకీ కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండయ్యా. ఇవాళ చెప్పేదాంట్లో సగం మీకే.

నన్ను “గృహ నిర్వహణ” మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాటకి నేను తూగను. పుట్టింది పొదిలి పక్కన పల్లెలో, మెట్టింది ఈ ఊళ్ళో మూలాపేటలో. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచీ మూడు పూటలా వండుతున్నాను. ఇన్నేళ్ళలో నన్ను బాగా అలసగొట్టిన పని ఏదంటే, వంట పేరు చెప్పను, అంట్ల పేరూ చెప్పను. పొద్దున్నే పళ్ళు తోముకుంటా “ఇవాళ కూరేం చేద్దాం” అనుకోవడం. రుబ్బడానికి గ్రైండరు వచ్చింది, ఉతకడానికి మిషను వచ్చింది, ఈ ఆలోచనని మాత్రం రోజూ మనమే రోట్లో వేసుకుని దంచుకోవాలి. అది ఇంకొకరికి కనపడదు కాబట్టి, పంచుకుంటామని కూడా ఎవరూ అనరు.

వారానికోసారి కూర్చుని ఆ ఆలోచనంతా కాగితం మీద పెట్టి వంటింటి గోడకి అంటిస్తే, నా తలలో ఉన్నది ఇంటిల్లిపాదికీ కనపడతది. నేను చెప్పొచ్చేది ఇంతే. కాకపోతే ఈ చిన్న సంగతి తెలియడానికి నేను రెండు తప్పులు చెయ్యాల్సొచ్చింది.

మా అమ్మకి కాగితం అవసరం పడలేదు. ఆమె వారం నీళ్ళ చుట్టూ తిరిగేది. పాత ప్రకాశం జిల్లా పడమటి దిక్కు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. ఎండాకాలం ట్యాంకరు వచ్చిన రోజే మాకు పండగ. ఆ రోజు దుప్పట్లు నానబెట్టడం, తలంట్లు, గచ్చు కడగడం, పప్పు, కూర, చారు, అన్నీ. మర్నాడు ఒక కూర తగ్గేది. మూడోనాటికి అటక మీంచి విస్తరాకుల కట్ట దిగేది. ఆ పూట వంటంతా ఒకటే గిన్నె, కొర్రన్నం, నూరిన పచ్చడి. మా అమ్మ కూర ఎంచుకునేది తోమాల్సిన బొచ్చెల్ని లెక్కపెట్టుకుని. విస్తరాకుల భోజనమంటే పిల్లకాయలం మాకు ఒకటే సంబరం. ఆ సంబరం వెనక బిందెల లెక్క ఉందని పెళ్ళయ్యేదాకా తెలీదు.

నెల్లూరు వచ్చాక నీళ్ళకి లోటు లేదు. పెన్న పక్కన కాపరం. ఏ రోజు ఏ పనైనా చేసుకోవచ్చు. చేసుకోవచ్చు కదా అని రోజూ అన్నీ చేశాను. రోజూ ఉతుకుడు, రోజూ తుడుపు, రోజూ మూడు రకాల వంట. నీళ్ళు లేక మా అమ్మ వారానికి ఒక ఆకారం వచ్చింది, నీళ్ళుండి నా వారం చెదిరిపోయింది. అది మొదటి తప్పు.

రెండోది పట్టిక. పిల్లలు బడికి పోయే రోజుల్లో ఒక ఆదివారం స్కేలు పెట్టి గీశాను. ఏడు రోజులు, రోజుకి ఆరు గళ్ళు, మొత్తం 42. ఒక్క గడి ఖాళీ వదలలేదు. సోమవారం అద్భుతంగా నడిచింది. మంగళవారం పదకొండు గంటలకి ఆత్మకూరు నుంచి మా ఆడబిడ్డా వాళ్ళూ నలుగురు దిగారు. బుధవారం వాన పట్టుకుంది. గురువారం ఆ కాగితం వంక చూస్తే ఏడుపొచ్చింది. అప్పుడు మా ఆయన దాన్ని తీరిగ్గా పైనుంచి కిందికి చదివి, “బాగుందే, కానీ నా పేరెక్కడా లేదే” అన్నారు. ఆయన తమాషాకే అన్నారు. నేను ఆ రాత్రంతా దాని మీదే ఆలోచించాను.

కేంద్ర ప్రభుత్వం వాళ్ళు మనుషులు రోజుని ఎట్టా ఖర్చుపెడుతున్నారని సర్వే చేస్తారు. 2019లో ఒకసారి చేశారు, 2024లో మళ్ళీ చేశారు. కూలి లేని ఇంటి పనికి ఆడవాళ్ళు పెట్టే సమయం 2024 లెక్కలో రోజుకి సగటున 289 నిమిషాలు. మగవాళ్ళది 88. ఆ 88 కూడా, ఇంటిపని ఎంతోకొంత చేసే మగవాళ్ళది మాత్రమే. అట్టా చేసేవాళ్ళు నూటికి ముప్పై మంది లేరు. అయిదేళ్ళకి ముందు మన లెక్క 299, వాళ్ళది 97. అంటే మనకి పది నిమిషాలు తగ్గితే, వాళ్ళూ పోటీ పడి తొమ్మిది తగ్గించుకున్నారు. (నవ్వులు) ఎనక నిలబడ్డోళ్ళు గట్టిగా నవ్వుతున్నారు, సంతోషం.

మా ఇంట్లో అప్పటిదాకా “సాయం” ఉండేది. మా ఆయన ఉల్లిపాయలు తరిగి పెట్టేవారు, గిన్నె అందించేవారు. సాయం చేసేవాళ్ళకి పని చెప్పడమే ఇంకో పని. అందుకని ముక్క ముక్కగా కాకుండా ఒక పని మొదలు నుంచి చివరిదాకా ఇచ్చేశాను. ఇడ్లీ పిండి ఆయనది. మినప్పప్పు అయిపోతోందని చూసుకోవడం, తెచ్చుకోవడం, శనివారం మధ్యాహ్నం నానబెట్టడం, సాయంత్రం రుబ్బడం, ఒకటికి రెండు లెక్కన రవ్వ కడిగి పిండి కలపడం, గ్రైండరు ఎండిపోకముందే కడగడం. మొదటి వారం నీళ్ళు ఎక్కువ పోశారు. ఆ వారం మా ఇంట్లో ఇడ్లీ లేదు, అన్ని పూటలూ దోసెలే. నేను నోరు మెదపలేదు. ఆ మెదపకుండా ఉండటం ఉందే, పిండి రుబ్బడం కంటే కష్టమమ్మా. మూడో వారానికి ఆయనకి చెయ్యి తిరిగింది.

ఆ పిండి మా వారానికి వెన్నెముక. ఈ నవంబరు చలికి రాత్రంతా బయట ఉంచితేనే పొంగుతది, వేసవిలో అయిదారు గంటలు చాలు. పొంగాక ఫ్రిజ్‌లోకి. ఆదివారం ఇడ్లీ. సోమ, మంగళ కాస్త జారుగా చేసి దోసె, మీద ఎర్రకారం. బుధవారానికి పులుపెక్కుతుంది. పులిసిందని పారబోసేవాళ్ళు మన జిల్లాలో ఉండరు, పులిబొంగరాలు ఉన్నాయి కదా. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి సాయంత్రం నూనెలో వేస్తే పిల్లకాయలు బడి నుంచి వాసన పట్టుకుని వచ్చేస్తారు. గురువారం ఉప్మా, శుక్రవారం అటుకులు, శనివారం చాలామందికి ఒంటిపొద్దు. టిఫిను సంగతి అయిపోయింది.

ఇక మధ్యాహ్నం వంట. మన వారానికి పట్టిక మనం గీయనక్కర్లేదు, దేవుళ్ళే గీసిపెట్టారు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం బాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకటేశ్వర స్వామి. అందులోనూ నెల్లూరు వాళ్ళకి ఒక పెద్ద చిక్కుంది. చేపల పులుసు. పొద్దున వండి పొద్దున తింటే అది పులుసే గానీ నెల్లూరు పులుసు కాదు. మామిడికాయ పులుపూ చింతపండు పులుపూ ముక్కలోకి దిగడానికి ఒక రాత్రి పడతది. ఆదివారం చేపలు తెచ్చి వండితే, అసలు రుచి సోమవారం పొద్దున వస్తది. సోమవారం మా అత్తగారు ముట్టరు! శనివారం వండుదామంటే స్వామి వారం. బుధవారం వండితే గురువారం మా పెద్దకోడలు తినదు. నిజం చెప్తున్నాను, నేనూ మా అత్తగారూ కాలెండరు ముందు పెట్టుకుని అరగంట కూర్చున్నాం. చివరికి మంగళవారం సాయంత్రం వండి బుధవారం తినడం ఒక్కటే దారి కనపడింది. మంగళవారం కూడా నిష్ఠగా ఉండేవాళ్ళు మా ఇంట్లో లేరు కాబట్టి బతికిపోయాం. ఆదివారం రేట్లతో చూస్తే మంగళవారం కొర్రమీను కాస్త తగ్గి దొరకడం కూడా కద్దు. కార్తీకంలో ఎటూ చేపల ఊసే లేదనుకోండి, ఆ నెల మొత్తానికి ఇంకో కాగితం.

కూర పేర్లు రాయొద్దు. రాస్తే, బజారులో ఆ కాయ దొరక్క పట్టిక పాడవుతుంది. రకం రాయండి. ఒక రోజు పప్పు, ఒక రోజు పులుసు, ఒక రోజు వేపుడు, ఒక రోజు రోటి పచ్చడితో సరి. తెచ్చిన కాయగూరల్ని ఏ వరసలో వాడాలో అవే చెప్తాయి. ఆకుకూరలు, బెండకాయలు మొదటి రెండు రోజులు. వంకాయ, బీరకాయ ఆ తర్వాత. దోసకాయ, కంద, గుమ్మడి, బంగాళాదుంప వారం చివరికి. తోటకూరని గురువారం దాకా దాచి, శనివారం వాడుకోవాల్సిన దోసకాయని సోమవారమే కోసేవాళ్ళని చూస్తే నాకు చెయ్యి ఆగదు.

బయటి పనులకి నేను వారాల పేర్లు తీసేశాను. ఈ నెలల్లో వాయుగుండం ఎప్పుడొస్తదో మనకి తెలీదు. అందుకని రెండు చీటీలు, ఎండ పనులు ఒకటి, వాన పనులు ఒకటి. ఎండ పనుల్లో దుప్పట్లు, పప్పులు ఎండబెట్టుకోవడం, వెంకటగిరి చీరలకి గంజి. గంజి పెట్టిన నేత చీర నీడలో ముసురుపట్టి ఆరితే ముక్క వాసన వస్తుంది, ఎండ చూసుకునే పెట్టాలి. వాన పనుల్లో డబ్బాలు తుడవడం, చిరిగినవి కుట్టడం, ఉదయగిరి చెక్క గరిటెలకి కాస్త నూనె రాసి పెట్టడం. పొద్దున లేచి ఆకాశం చూసి చీటీ ఎంచుకుంటాను.

2021 నవంబరు గుర్తుందా? పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కూరగాయల బండి రాలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో కందిపప్పు, ఎండు రొయ్యలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఆవకాయ జాడీ మమ్మల్ని కాపాడాయి. అప్పట్నుంచి అటక కింద అర ఒకటి అచ్చంగా దానికే. మూడు రోజుల సరుకు. తీస్తే వారంలోపు మళ్ళీ నింపాలి, అంతే.

పేరుతో రోజు ఉంచిన పని ఒకటే ఉంది. శుక్రవారం. ఎటూ గడప కడిగి పసుపు రాస్తాం కదా, ఆ చేత్తోనే నీళ్ళ డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనక నీళ్ళు పట్టే ట్రే వంచేసి రుద్దాలి. ఆరోగ్య శాఖ వాళ్ళు “ఫ్రైడే డ్రై డే” అని చెప్పేది దీన్నే. డెంగ్యూ దోమ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడతది. వారానికోసారి నీళ్ళు వంచితే ఆ గొలుసు తెగుతుంది. కానీ వంచి వదిలేస్తే చాలదు. గుడ్లు డ్రమ్ము గోడకి అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు పోస్తే లేస్తాయి. పీచు పెట్టి రుద్దాలి. ఇది మా అబ్బాయి పని. పేరు గోడ మీద ఉంది.

ఇప్పుడు అసలు గడి. కొత్త కాగితం గీసేటప్పుడు మొదట రాసేది పని కాదు. మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర. అక్కడ “అమ్మ ఊరికే” అని రాసి ఉంటుంది. ఏ పనీ రాకముందే ఆ గడి నిండిపోవాలి. ఆఖర్న రాద్దామని ఉంచితే, ఆ చోట్లోకి అంట్లు వచ్చి కూర్చుంటాయి.

ఊరికే అంటే ఏంటని నన్ను చాలామంది అడిగారు. చేటలో బియ్యం ఏరుతూ కూర్చోవడం ఊరికే కిందికి రాదు. టీవీ చూస్తా చిక్కుడుకాయలు ఈనెలు తీయడం అసలే రాదు. పూలు కట్టడం గురించి నాకూ మా తోడికోడలికీ ఇంకా వాదన తేలలేదు, ఆమె విశ్రాంతి అంటది, నేను పని అంటాను. నేనైతే వసారాలో కుర్చీ వేసుకుని ఈ గ్రంథాలయం పుస్తకం ఒకటి పట్టుకుంటాను. రెండు పేజీలకే కునుకు పట్టిన రోజులున్నాయి. పుస్తకం గడువు తేదీ దాటి జరిమానా కట్టిన రోజులూ ఉన్నాయి.

ఆ అరగంటకి మొదట్లో నాకే సిగ్గేసింది. ఎవరైనా గేటు తీస్తే గబుక్కున లేచి చీపురు పట్టుకునేదాన్ని. అప్పుడు దూబగుంట గుర్తొచ్చింది. మన జిల్లాలోనే కదా, రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా కొట్లు మూయించడానికి లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిలిపేశారు. ఆ ఊపులోనే పొదుపు మొదలైంది, రోజుకో రూపాయి. మా అత్తగారు కూడా డబ్బాలో వేసేవారు. ఆ రూపాయి ఎక్కడిదని మగవాళ్ళు అడిగితే “నాది” అని చెప్పడానికి ఆ తరం వాళ్ళకి ఎంత గుండె కావాల్సొచ్చిందో! నేను అడుగుతున్నది అరగంట. డబ్బాలో వేసేది కూడా కాదు, వేసిన చోటే ఖర్చుపెట్టేది.

టైమయిందని నిర్వాహకులు చెయ్యి చూపిస్తున్నారు. ఒక్క మాట. ఇవాళ శనివారం. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మినప్పప్పు డబ్బా అడుగు కనపడతా ఉంది, నేను చూశాను. మా ఆయన చూశారో లేదో తెలీదు. ఫోన్ చేసి అడగకూడదని గోడ మీద రాసుకున్నాం. ఇందాకట్నుంచి నా చెయ్యి రెండుసార్లు సంచీలో ఫోను దాకా వెళ్ళొచ్చింది. ఈలోపు మీరేమన్నా ప్రశ్నలు అడగండమ్మా, నాకూ కాస్త ధ్యాస మళ్ళుతుంది.