సిమ్యులేటర్‌లో కింగ్ ఎయిర్ బి200: ఎర్ర గీతలు ఉన్నాయి, 5 సెకన్లు లేవు

నమస్కారం. ఈ రోజు మనం చూడబోతున్నది ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం తయారైన కింగ్ ఎయిర్ బి200 యాడ్-ఆన్, అంటే రెండు ఇంజిన్ల ఆ చిన్న విమానాన్ని సిమ్యులేటర్‌కు అదనంగా చేర్చే సాఫ్ట్‌వేర్. దాని పేరు, ధర, కంప్యూటర్‌కు కావలసిన మెమరీ, గ్రాఫిక్స్ కార్డు వివరాలు తెర మీద కనిపిస్తున్నాయి, వాటి గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు కాబట్టి నేను మళ్లీ చదవను. తయారు చేసిన చిన్న బృందం నాకు ఒక కాపీ ఉచితంగా పంపింది. డబ్బు ఇవ్వలేదు, ఈ వీడియోను విడుదలకు ముందు వాళ్లకు చూపించనూ లేదు. ఈ సంగతి మొదటే చెప్పడం న్యాయం, ఎందుకంటే ఇందులో నాకు నచ్చనిదాని గురించే ఎక్కువసేపు మాట్లాడబోతున్నాను.

నేను బేగంపేటలో చాలా ఏళ్లు విమానాల మెయింటెనెన్స్ పని చేశాను. నా చేతుల మీదుగా వెళ్లిన ఇంజిన్లలో ఎక్కువ భాగం పీటీ6 కుటుంబానివే, అంటే బి200లో ఉండే రకం టర్బోప్రాప్‌లు, టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పేవి. అందువల్ల ఏ టర్బోప్రాప్ యాడ్-ఆన్ వచ్చినా అందరూ చూసే సీట్ల కుట్టునూ కిటికీ అద్దాల మెరుపునూ పక్కన పెట్టి, ముందుగా ఫ్లైట్ మాన్యువల్‌లో రెండో అధ్యాయమైన లిమిటేషన్స్ తెరిచి పక్కన పెట్టుకుంటాను. ఆ అధ్యాయంలోని అంకెలు సలహాలు కావు. విమానానికి సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు ప్రభుత్వ సంస్థ ఆమోదించిన హద్దులవి, వాటిని పాటించడం పైలట్‌కు చట్టరీత్యా తప్పనిసరి. సూపర్ కింగ్ ఎయిర్ 200కు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1973లో సర్టిఫికెట్ ఇచ్చింది, బి200 1981లో వచ్చింది. అప్పటి నుంచి ఈ విమానం నడిపినవాళ్లందరికీ ఆ అధ్యాయం కంఠతా రావలసిందే.

మంచి విషయాలు త్వరగా చెప్పేస్తాను. వేగాల హద్దులు చక్కగా ఉన్నాయి. గరిష్ఠ వేగం 259 నాట్లు, లేదా మాక్ 0.52, అంటే ధ్వని వేగంలో 0.52 వంతు. సుమారు 15,000 అడుగులు దాటాక మాక్ హద్దే ముందు తగులుతుంది కాబట్టి, వేగమాపకంలో ఎరుపు తెలుపు చారలున్న సూది పైకి వెళ్లేకొద్దీ కిందికి జరుగుతూ రావాలి. ఇందులో అది సరిగ్గా జరుగుతోంది, నేను 28,000 అడుగుల వరకు ఎక్కి చూశాను. ఒక ఇంజిన్ ఆగినప్పుడు అదుపు నిలిచే కనీస వేగం 86 నాట్లు, ఒక ఇంజిన్‌తో బాగా ఎక్కడానికి నీలి గీత 121 నాట్లు, రెండూ నమ్మదగినట్టుగానే ఉన్నాయి. చక్రాలు 181 నాట్ల దాకా దించవచ్చు, కానీ మడవాలంటే 163 దాటకూడదు. ప్రధాన చక్రాలు ముందుకు మడుచుకుంటాయి, అంటే ఎదురు గాలిని తోసుకుంటూ లోపలికి పోవాలి, అందుకే ఆ తేడా. నేను కావాలని 175 నాట్ల దగ్గర మడవబోతే ఒక చక్రం సగంలో ఆగిపోయి ఎర్ర దీపం వెలిగింది. ఇంత శ్రద్ధ తీసుకున్నవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేను.

బరువు విషయంలోనూ నిజాయితీ ఉంది. టేకాఫ్‌కు గరిష్ఠ బరువు 12,500 పౌండ్లు, అంటే 5,670 కిలోలు. అమెరికా నిబంధనల్లో చిన్న విమానం అన్న మాట సరిగ్గా ఈ అంకె దగ్గరే ముగుస్తుంది కాబట్టి బి200ను ఆ గీత మీదే నిలబెట్టారు. ఇందులో ఒక్క సూట్‌కేసు ఎక్కువ పెట్టినా తెర మీద హెచ్చరిక వస్తుంది.

నాకు నిజంగా సంతోషం కలిగించింది ఎండ. సిమ్యులేటర్‌లో మన బేగంపేటను ఎంచుకుని, మే నెల మధ్యాహ్నం, 42 డిగ్రీలు పెట్టాను. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు ఉండాలి, మనకు దానికంటే ముప్ఫై ఎక్కువ. ప్రామాణిక పీడనమే ఉందనుకున్నా, రెక్కకూ ఇంజిన్‌కూ ఆ గాలి సుమారు 5,400 అడుగుల ఎత్తులోని గాలిలాగా పలచగా అనిపిస్తుంది. ఒక్కో ఇంజిన్‌కు టార్క్ (ప్రొపెల్లర్‌ను తిప్పే మెలి బలం) హద్దు 2,230 ఫుట్ పౌండ్లు, ప్రొపెల్లర్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతున్నప్పుడు అది సుమారు 850 హార్స్‌పవర్ అవుతుంది. ప్రొపెల్లర్‌ను 1,700కు తగ్గిస్తే అదే టార్క్‌కు సుమారు 720 హార్స్‌పవరే వస్తుంది. ఈ హద్దు గేర్‌బాక్సును కాపాడడానికి, 800 డిగ్రీల ఐటీటీ హద్దు టర్బైన్‌ను కాపాడడానికి. ఐటీటీ అంటే రెండు టర్బైన్ల నడుమ వాయువు వేడి అని మన ప్రేక్షకులకు తెలుసు. డిసెంబరు ఉదయం బయలుదేరితే టార్క్ సూదే ముందు గీతను తాకుతుంది. మే నెలలో పైకి ఎక్కేకొద్దీ ఐటీటీ ముందు తాకుతుంది, అప్పుడు పైలట్ టార్క్‌ను వదులుకుని వేడిని చూసుకుంటూ నడపాలి. ఈ యాడ్-ఆన్‌లో ఆ మార్పు నా కళ్ల ముందే జరిగింది. ఒక సూది చేతికి పని చెప్పడం మానేసి రెండో సూది పని చెప్పడం మొదలుపెట్టింది. ఇంతవరకు చూసి ఇదే నేను ఎదురుచూసిన విమానం అనుకున్నాను.

ఆ తర్వాత ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాను. నా ఇబ్బంది అక్కడ మొదలైంది.

పీటీ6 స్టార్ట్ చేయడం చూడడానికి చాలా సులభం. బి200లో స్టార్ట్ స్విచ్‌కు మూడు స్థానాలు ఉంటాయి. పైకి వేస్తే స్టార్టర్, మంట వెలిగించే ఇగ్నైటర్లు రెండూ పని చేస్తాయి, మధ్యలో ఆఫ్, కిందికి వేస్తే స్టార్టర్ మాత్రమే తిరుగుతుంది. పైకి వేసి, గ్యాస్ జనరేటర్ (ఇంజిన్‌లో గాలిని నొక్కి మంటకు అందించే భాగం) వేగం 12 శాతం దాటి నిలకడగా ఉందని చూసుకుని, కండిషన్ లివర్‌ను 'లో ఐడిల్' (తక్కువ వేగం) స్థానానికి జరిపి ఇంధనం ఇవ్వాలి. 10 సెకన్లలో మంట అందుకోవాలి, అందుకోకపోతే లివర్ వెనక్కి లాగి స్టార్టర్ ఆపాలి. అందుకుంటే ఐటీటీ దూసుకుపోతుంది, పైలట్ కళ్లు దాని మీదే ఉండాలి. స్టార్ట్ సమయంలో గరిష్ఠం 1,000 డిగ్రీలు, అది కూడా 5 సెకన్లు మాత్రమే. స్టార్టర్‌కు మరో హద్దు ఉంది: 40 సెకన్లు తిప్పాక 60 సెకన్లు విరామం, మళ్లీ 40, మళ్లీ 60, మళ్లీ 40, ఆ మూడోసారితో కూడా కాకపోతే 30 నిమిషాలు ఆగాలి. స్టార్ట్ అయ్యాక కరెంటు పుట్టించే జనరేటర్ కూడా ఆ యంత్రమే. వందల ఆంపియర్లు తాగుతూ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని ఫ్యాన్‌కు చల్లబరిచేంత గాలి అందదు, వేడి లోపలే పేరుకుపోతుంది.

ఈ హద్దులన్నిటిలో అంకెతో పాటు గడియారం కూడా ఉందని గమనించండి. ఈ యాడ్-ఆన్ తయారీదారులు అంకెను తెచ్చారు, గడియారాన్ని వదిలేశారు.

నేను కూర్చుని పరీక్షించాను. స్టార్టర్ స్విచ్‌ను కిందికి వేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. 40 సెకన్లు గడిచాయి, ఏమీ కాలేదు. 2 నిమిషాలు, 4 నిమిషాలు గడిచాయి. స్టార్టర్ అదే శబ్దంతో తిరుగుతూనే ఉంది. తర్వాత బ్యాటరీని సెట్టింగ్స్‌లో బలహీనంగా పెట్టి, విమానం ముక్కును తూర్పుకు తిప్పి వెనక నుంచి పడమటి గాలి తగిలేలా నిలబెట్టి, గ్యాస్ జనరేటర్ 8 శాతం ఉండగానే ఇంధనం ఇచ్చాను. మెయింటెనెన్స్ హ్యాంగర్లో ఎవరైనా చేస్తే ఆ రోజు ఇంటికి పంపించే పని అది. ఐటీటీ 1,060కి వెళ్లింది, అక్కడే 22 సెకన్లు నిలిచింది, తర్వాత హాయిగా కిందికి దిగి ఐడిల్‌లో కూర్చుంది. అదే ఇంజిన్‌తో టేకాఫ్ చేశాను. పూర్తి టార్క్ వచ్చింది, పక్క ఇంజిన్‌తో పోలిస్తే ఒక్క డిగ్రీ తేడా లేదు.

ఇది నాకు ఎందుకింత బాధ కలిగించిందో చెప్పాలంటే ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి. నేను పనిలో కుదిరిన రెండో ఏడు, కుడి ఇంజిన్ పని ముగిశాక గ్రౌండ్ రన్ చేయడానికి మా సీనియర్ ఇంజనీర్ గారు ఎడమ సీట్లో కూర్చున్నారు, అంకెలు రాసుకోవడానికి నేను కుడి సీట్లో కూర్చున్నాను. అంతకుముందు అరగంట సేపు జీపీయూ (బయటి నుంచి విమానానికి కరెంటు ఇచ్చే యంత్రం) తగిలించకుండా రేడియోలు పరీక్షించడంతో బ్యాటరీ దిగిపోయి ఉంది. ఆ పరీక్షలు చేసింది నేనే. స్విచ్ వేయగానే ఇంజిన్ ఊపు మందకొడిగా ఉందని శబ్దంలోనే తెలిసింది. 12 దాటింది, 13 దగ్గర నిలిచింది, సార్ లివర్ జరిపారు. సూది 700, 800, 900 ఆగకుండా పోయింది. ఆయన చెయ్యి లివర్ మీద నుంచి కదలలేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. 960 దగ్గర లివర్‌ను వెనక్కి లాగి స్విచ్‌ను కిందికి వేశారు. ఇంధనం ఆగింది, స్టార్టర్ మాత్రం చల్లటి గాలిని లోపలికి తోస్తూనే ఉంది, సూది నెమ్మదిగా దిగింది. అప్పుడు ఆయన పైకి వినబడేలా, "ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు" అన్నారు. ఆయన లెక్కపెడుతున్నది ఐటీటీ సెకన్లనని నేను అనుకున్నాను. కాదు, స్టార్టర్ తిరుగుతున్న సెకన్లను. ఇంజిన్‌ను చల్లబరచడానికి వాడే ఆ కాలం కూడా ఆ 40లోంచే పోతుంది. ముప్ఫై ఎనిమిది అన్నాక స్విచ్ మధ్యలోకి తెచ్చి, "జీపీయూ తీసుకురా బాబూ" అన్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఆ రోజు హద్దు దాటలేదు కాబట్టి లాగ్‌బుక్‌లో అంకె, కారణం రాయడంతో సరిపోయింది. దాటితే ఏమవుతుందో ఇతర ఇంజిన్ల దగ్గర చూశాను. మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఒక గ్రాఫ్ ఉంటుంది, ఒక పక్క వేడి, మరో పక్క సెకన్లు. ఆ రెండూ కలిసే చోటు ఏ ప్రాంతంలో పడిందో చూసి, కారణం వెతికితే చాలా, లోపల పరీక్షించాలా, ఇంజిన్ దించి ఓవర్‌హాల్‌కు పంపాలా అని నిర్ణయిస్తారు. పరీక్షించాలంటే చుట్టూ ఉన్న 14 ఫ్యూయల్ నాజిళ్లలో కొన్నిటిని విప్పి, ఆ రంధ్రాల గుండా బోరోస్కోప్ (లోపలికి చూసే సన్నని గొట్టం) దూర్చి, టర్బైన్ బ్లేడ్లను ఒక్కొక్కటిగా తిప్పుతూ చూడాలి. 100 శాతం వేగంలో గ్యాస్ జనరేటర్ నిమిషానికి 37,500 సార్లు తిరిగే ఇంజిన్ అది, దాని హద్దు 101.5 శాతం, అంటే 38,100. అంత వేగంలో బయటికి లాగే బలాన్ని తట్టుకోవలసిన బ్లేడ్ అంచు కాలి నల్లబడితే, కంటికి కనిపించిన ఆ మచ్చ విలువ లక్షల్లో ఉంటుంది. ఈ యాడ్-ఆన్‌లో నేను 22 సెకన్లు కాల్చిన ఇంజిన్ ఆ గ్రాఫ్‌లో ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. అది ఎగరకూడదు.

చాలా ఏళ్ల క్రితం నేను డబ్బు పెట్టి కొన్న మరో కింగ్ ఎయిర్ యాడ్-ఆన్ ఉండేది. దాని బొమ్మలు ఇప్పటి కళ్లకు ఆనవు, కాక్‌పిట్‌లో సగం స్విచ్‌లు నొక్కితే కదిలేవి కావు. అయినా మూడుసార్లు స్టార్టర్ తిప్పి, ఆగకుండా నాలుగోసారి తిప్పితే అది కాలిపోయేది. మా అబ్బాయి పదకొండేళ్ల వయసులో దాని మీద ఆడుకుంటూ రెండు స్టార్టర్లు కాల్చాడు, మూడోసారి నుంచి తనంతట తానే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అది చూసి నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

ఈ లోపం గురించి తయారీదారులకు రాశాను, మర్యాదగానే జవాబిచ్చారు. ఇంట్లో వినోదం కోసం కొనేవాళ్లు స్టార్ట్ దగ్గరే ఇంజిన్ పోగొట్టుకుంటే విసుగుపడతారని వాళ్ల వాదన. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 175 నాట్ల దగ్గర చక్రాన్ని సగంలో ఆపేసినప్పుడు లేని జాలి ఇక్కడ ఎందుకు? విసుగుపడేవాళ్ల కోసం సెట్టింగ్స్‌లో ఒక మీట పెడితే సరిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన వీడియోలు చూసేవాళ్లలో కమర్షియల్ లైసెన్సు కోసం చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారని మీ ఉత్తరాల వల్ల నాకు తెలుసు. రేపు నిజమైన బి200లో కూర్చునే అమ్మాయి చేతికి, సూది గీత దాటినా ఏమీ కాదని ఈ సాఫ్ట్‌వేర్ వంద సార్లు చెప్పి ఉంటే, వంద ఒకటోసారి ఆ చెయ్యి లివర్ మీద ఎంత త్వరగా కదులుతుంది?

కాబట్టి నా తీర్పు ఇది. దృశ్యం కోసం, విమానం నడిపే ఆనందం కోసం కొనాలనుకునేవాళ్లు నిరభ్యంతరంగా కొనవచ్చు, ఆ ధరకు ఇంత మంచి టర్బోప్రాప్ నేను ఈ మధ్య చూడలేదు. టర్బోప్రాప్ నేర్చుకోవడానికి కొనాలనుకునేవాళ్లు ప్రస్తుతానికి ఆగండి. ఇప్పటికే కొన్నవాళ్లు స్టార్ట్ చేసే ప్రతిసారీ పక్కన స్టాప్‌వాచ్ పెట్టుకుని, 1,000 దగ్గర 5 సెకన్లు దాటితే మీరే విమానాన్ని మూసేసి ఆ రోజుకు లేవండి. తర్వాతి వెర్షన్‌లో చూస్తామని వాళ్లు మాట ఇచ్చారు. అది వచ్చిన రోజున ఇదే పరీక్ష మళ్లీ చేసి మీకు చూపిస్తాను: మే నెల బేగంపేట, దిగిపోయిన బ్యాటరీ, వెనక గాలి, కుడి ఇంజిన్.