బ్రంట్‌లాండ్: రోగి ముఖం చూసి రోగం పేరు మార్చని డాక్టరు

నమస్కారం. గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లకు ఈ పేరు కంఠతా వచ్చే ఉంటుంది. సుస్థిర అభివృద్ధికి నిర్వచనం ఇచ్చిన కమిషన్ ఏది? బ్రంట్‌లాండ్ కమిషన్, 1987. జవాబు గుర్తుపెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. ఆ పేరు ఎవరిదో, ఆమె ఇంకేం చేశారో అడగం.

ఈరోజు ఆ మనిషి జీవితాన్ని, పనిని ముందు పెట్టుకుని మాట్లాడతాను. గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్. మూడుసార్లు నార్వే ప్రధాని, ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తున్నాను: కమిషన్ పెద్ద పనే, కాదనను. కానీ ఆమె ఎవరో తెలియాలంటే 2003 మార్చి, ఏప్రిల్ నెలలు చూడాలి. అక్కడికి వస్తాను.

1939లో ఓస్లో పక్కనున్న బేరుమ్‌లో పుట్టారు. తండ్రి డాక్టరు, లేబర్ పార్టీ ప్రభుత్వాల్లో మంత్రి కూడా. ఈమె ఏడేళ్లకే ఆ పార్టీ పిల్లల సంఘంలో చేరారు. పెళ్లి చేసుకున్నది మాత్రం కన్జర్వేటివ్ పార్టీ మనిషిని! ఓస్లోలో వైద్యం, హార్వర్డ్‌లో ప్రజారోగ్యం చదివి, బడిపిల్లల ఆరోగ్య విభాగంలో పనిచేస్తుండగా 1974లో పర్యావరణ మంత్రి పదవికి పిలుపు వచ్చింది. మూడేళ్లకు, 1977 ఏప్రిల్ 22న, నార్త్ సీలోని ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో బ్రావో ప్లాట్‌ఫాం మీద బావి అదుపు తప్పింది. ఎనిమిది రోజులు ముడిచమురు సముద్రంలోకి చిమ్ముతూనే ఉంది. మంత్రిగా ఆమెకు అది మొదటి పెద్ద పరీక్ష.

1981లో, 41 ఏళ్ల వయసులో, నార్వేకు తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆ ప్రభుత్వం ఎనిమిది నెలలే నిలిచింది. 1986లో తిరిగి వచ్చినప్పుడు 18 మంది మంత్రివర్గంలో 8 మంది మహిళలు. ప్రపంచం ఆ ఫొటోనే గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం అంతకంటే ముఖ్యంగా కనిపించేది 1993లో, ఆమె మూడోసారి ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చిన ఒక సెలవు నిబంధన. బిడ్డ పుట్టాక ఇచ్చే జీతంతో కూడిన సెలవులో నాలుగు వారాలు తండ్రికే కేటాయించారు. తండ్రి తీసుకోకపోతే మామూలుగా అవి తల్లికి బదిలీ కావు, పోతాయి. ఆ ఒక్క షరతుతో పసిబిడ్డను చూసుకోవడం తండ్రి పని కూడా అయింది. అంతకు ముందు ఏడాదే, కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో ఆమె పార్టీ నాయకత్వం వదులుకున్నారు. ప్రధాని బాధ్యత మాత్రం 1996 దాకా మోశారు.

ఇక కమిషన్. 1983లో ఐక్యరాజ్య సమితి దాన్ని నడిపే పని ఆమెకు అప్పగించింది. సభ్యులు జకార్తా, నైరోబీ, హరారే, మాస్కో వంటి నగరాలకు వెళ్లి జనం మాట విన్నారు. పని నడుస్తుండగానే మన భోపాల్ దుర్ఘటన జరిగింది, చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది. రెండూ నివేదికలోకి ఎక్కాయి. నిర్వచనం మీకు తెలుసు: రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకోగల శక్తిని దెబ్బతీయకుండా ఇప్పటి తరం అవసరాలు తీర్చుకోవడం. దాని వెంటనే ఉన్న వాక్యం మాత్రం గైడ్లలో కనిపించదు. అవసరాలు అంటే ముందుగా ప్రపంచంలోని పేదల కనీస అవసరాలనీ, అన్నిటికంటే వాటికే ప్రాధాన్యం ఇవ్వాలనీ నివేదిక స్పష్టంగా రాసింది. ఆ వాక్యం తీసేస్తే నిర్వచనం మెత్తబడిపోతుంది, ఎవరైనా తమ ప్రకటనలో వాడుకోవచ్చు. వాడుకుంటున్నారు కూడా.

ఇక్కడే నాకో అభ్యంతరం. ప్రపంచానికి ఈ మాట చెప్పిన నాయకురాలి హయాంలోనే నార్వే చమురు ఉత్పత్తి అనేక రెట్లు పెరిగింది. 1993లో నార్వే వాణిజ్యపరంగా తిమింగలాల వేటను మళ్లీ మొదలుపెట్టింది. మింకే తిమింగలాల సంఖ్య తగినంత ఉందనీ, తమ శాస్త్రవేత్తల లెక్కలే ఆధారమనీ ప్రభుత్వం వాదించింది. 1991 నుంచి కార్బన్ పన్ను అమలైన మాట నిజమే, సముద్రంలోని చమురు కంపెనీల మీద కూడా. అయినా రోగి తన దేశమే అయినప్పుడు ఆ డాక్టరు చేయి కొంచెం తడబడిందనే నాకనిపిస్తుంది.

రోగి ప్రపంచమైనప్పుడు ఆ చేయి తడబడలేదు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పగ్గాలు చేపట్టారు. 2003 ఫిబ్రవరి చివర్లో హనోయ్‌లోని ఒక ఆసుపత్రిలో వింత న్యుమోనియాను గమనించి సంస్థను హెచ్చరించిన డాక్టర్ కార్లో ఉర్బానీ, నెల తిరిగేసరికి అదే జబ్బుతో చనిపోయారు. మార్చి 12న సంస్థ ప్రపంచమంతటినీ అప్రమత్తం చేసింది. మూడు రోజులకు ఆ జబ్బుకు సార్స్ అని పేరు పెట్టింది. ఏప్రిల్ 2న, అత్యవసరమైతే తప్ప హాంకాంగ్‌కు, చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌కు వెళ్లవద్దని చెప్పింది. ఏప్రిల్ 23న బీజింగ్‌ను, షాంక్సీని, కెనడాలోని టొరంటోను ఆ జాబితాలో చేర్చింది.

దీని బరువు తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. అప్పటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల కిందికి వచ్చినవి కలరా, ప్లేగు, ఎల్లో ఫీవర్ మాత్రమే. ఒక కొత్త జబ్బు విషయంలో ఒక సభ్యదేశ నగరానికి వెళ్లవద్దని ప్రపంచానికి చెప్పే అధికారం ఆమె చేతికి ఎవరూ రాసివ్వలేదు. సంస్థను నడిపే డబ్బు చాలావరకు ఆ సభ్యదేశాలదే. అయినా చెప్పారు. చైనా మొదట్లోనే సమాచారం బయటపెట్టి ఉండాల్సిందని బహిరంగంగా విమర్శించారు. కెనడా మండిపడింది. వారం తర్వాత టొరంటో హెచ్చరికను ఎత్తేశారు. ఒత్తిడికి లొంగారని కొందరన్నారు. టొరంటోలో కొత్త కేసులు తగ్గాయి, ప్రయాణికులకు పరీక్షలు పెంచుతామని కెనడా మాటిచ్చింది కాబట్టి నేను అలా అనుకోను. జులై 5న సార్స్ అదుపులోకి వచ్చిందని సంస్థ ప్రకటించింది. 8,000కు పైగా కేసులు, 774 మరణాలు. ఆ నెలలోనే ఆమె పదవీకాలం ముగిసింది.

2019 సెప్టెంబరులో, 80 ఏళ్ల వయసులో, ఆమె సహాధ్యక్షురాలిగా ఉన్న ఒక అంతర్జాతీయ బృందం మరో నివేదిక ఇచ్చింది. వేగంగా పాకే శ్వాసకోశ వ్యాధి ఒకటి రావచ్చనీ, ప్రపంచం సిద్ధంగా లేదనీ అందులో ఉంది. తర్వాతి నెలల్లో ఏం జరిగిందో మనందరి ఇళ్లకూ తెలుసు. ఆ నివేదిక మళ్లీ తెరిచినప్పుడు నేను రెండు పేజీలు కూడా ఆగకుండా చదవలేకపోయాను.

చివరగా నాకు బాగా దగ్గరి విషయం: పొగాకు. ఆమె ఆధ్వర్యంలో చర్చలు నడిచి, 2003 మే 21న పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని సభ్యదేశాలు ఆమోదించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన చరిత్రలో కుదిర్చిన తొలి ఒప్పందం అదే. అంతకు ముందు ఆమె నియమించిన నిపుణుల కమిటీ, సంస్థ పనిని దెబ్బతీయడానికి సిగరెట్ కంపెనీలు ఏం చేశాయో వాటి సొంత పత్రాల నుంచే బయటపెట్టింది. భారతదేశం 2004 ఫిబ్రవరిలో ఒప్పందంలో చేరింది. ఈరోజు సిగరెట్ పెట్టె మీద మీరు చూసే ఆ భయంకరమైన బొమ్మ వెనుక ఈ ఒప్పందం ఉంది.

నేను ఒంగోలు వైపు మనిషిని. పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కాలే వాసన, వేలం రోజున రైతు ముఖంలో ఆందోళన నాకు తెలుసు. ఒప్పందంలో 17వ అధికరణం అని ఒకటుంది: పొగాకు పండించేవాళ్లకు, అందులో పనిచేసేవాళ్లకు గిట్టుబాటయ్యే వేరే దారి చూపాలని. ఒక ఆరోగ్య ఒప్పందంలో రైతుకు చోటు ఇవ్వడం నాకు గొప్పగా అనిపించింది. కానీ ఆ దారి వేయాల్సింది ప్రభుత్వాలు. మా వైపు బ్యారన్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

ప్రకాశం, నెల్లూరు, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఇంట్లో పొగాకు సాగు ఉన్నవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, శనగకో సుబాబుల్‌కో మారి చూశారా, ఎన్నేళ్లు నిలబడగలిగారు, మళ్లీ పొగాకుకు ఎందుకు వచ్చారు, నాకు రాయండి. మీ లెక్కలతోనే తర్వాతి వీడియో చేస్తాను.