రెండో గొంతు

అందరికీ నమస్కారం.

పోయిన ఏడాది మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక తీర్మానం పెట్టారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు లిఫ్ట్ వాడకూడదు, మెట్లెక్కే రావాలి అని. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని ముప్ఫై మంది దాకా కూర్చున్నాం. "అభ్యంతరం ఉన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు సెక్రటరీ గారు. మేముండేది నాలుగో అంతస్తు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అయినా నా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. అటూ ఇటూ చూశాను, ఎవరూ ఎత్తలేదు. పుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాసుకున్నారు. పైకి వెళ్తుంటే రెండో అంతస్తు మాస్టారు గొంతు తగ్గించి అన్నారు: "నాకిది నచ్చలేదండీ. అందరూ సరేనన్నాక నేనొక్కణ్ణే ఏమంటాను?"

ఆయన చెప్పిన ఆ 'అందరిలో' నేనూ ఉన్నాను. నన్ను చూసి ఆయన, ఆయన్ని చూసి నేను ఊరుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎలిజబెత్ నోయెల్-నోయ్‌మన్ అనే జర్మన్ పరిశోధకురాలు 1974లో ఈ సంగతినే ఒక సిద్ధాంతంగా చెప్పారు. ఒంటరైపోతామన్న భయంతో మనిషి గాలి ఎటు వీస్తోందో కనిపెడుతూ ఉంటాడు. తన మాటకు బలం లేదనిపిస్తే నోరు విప్పడు. అతను మాట్లాడకపోయేసరికి ఆ పక్షం ఇంకా పలచగా కనిపిస్తుంది. అది చూసి మరొకరు ఆగిపోతారు. అదొక సుడి. 'నలుగురితో నారాయణా' అంటూ పెరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు. ఊరు వెలివేస్తే నిప్పూ నీళ్లూ పుట్టని రోజులు మన పెద్దలు చూశారు. అందుకే మౌనంగా ఉండేవాళ్లను పిరికివాళ్లని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

అమెరికాలో సాలమన్ ఆష్ 1950ల్లో చేసిన ప్రయోగం చూడండి. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మూడింటిలో మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ గదిలో ఒక్కరు తప్ప మిగతా వాళ్లంతా ఆష్ ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు. వాళ్లు వరసగా, తడుముకోకుండా, ఒకే తప్పు జవాబు చెబుతారు. పాపం, ఆ ఒక్కడి వంతు చివర్లో వస్తుంది. అలా వచ్చినవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది కనీసం ఒక్కసారైనా కళ్లెదుటి గీతను కాదని గుంపు మాటే చెప్పారు.

నన్ను పట్టుకున్నది ఆ తరవాతి సంగతి. గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెబితే చాలు, గుంపుకు లొంగడం బాగా తగ్గిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా అంతే. అంటే మనకు కావలసింది మెజారిటీ కాదు, పక్కన ఒక్క మనిషి.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన ధైర్యం గురించి బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. కానీ ఊరు వెలివేసి, వంటవాళ్లు రాకుండా పోతే, గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేసింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆ బిందె ఎత్తుకుని ఆవిడ వీధిలో నడుస్తుంటే గుమ్మాల్లోంచి చూసినవాళ్లలో ఎంతమంది మనసులో ఆవిడ వైపే ఉన్నారో అని నాకు అనిపిస్తుంటుంది.

వచ్చే ఆదివారం మా మీటింగ్ మళ్లీ ఉంది. ఆ తీర్మానాన్ని తిరిగి చర్చకు పెట్టమని, ఈసారి చేతులెత్తించకుండా చీటీలు రాయించమని అర్జీ ఇచ్చాను. నేను లేచిన వెంటనే తనూ లేస్తానని మాస్టారు మాటిచ్చారు. మా ఇద్దరి సంతకాల కింద నిన్న సాయంత్రం ఐదో అంతస్తు ఆవిడ కూడా సంతకం పెట్టారు.