కెమెరాలోకి గోల ఎటునుంచి వస్తోంది?

అందరికీ నమస్కారం. డిజిటల్ సినిమా కెమెరా గురించి నలుగురు కూర్చుంటే మాటలన్నీ బొమ్మ చుట్టూనే తిరుగుతాయి. సెన్సర్ ఎంత పెద్దది, లెన్స్ ఏది, చీకట్లో ఎలా తీస్తుంది, ఇవే కబుర్లు. చూసేవాళ్లు మాత్రం బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకుపోతారు గానీ, మాటల వెనక సన్నగా ఈల వేస్తున్న రొదను ఎంతోసేపు భరించరు. ఈరోజు ఆ రొద గురించే మాట్లాడుకుందాం. ఇది రేడియో కాబట్టి నాకో సదుపాయం ఉంది, ఆ శబ్దాలను నోటితోనే వినిపించొచ్చు.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, ఆ గోల నిజంగా రికార్డయిందా అని. కెమెరాకి ఉండే హెడ్‌ఫోన్ జాక్ చాలా మోడళ్లలో అంత శుభ్రంగా ఉండదు, లోపలి సర్క్యూట్ల చప్పుడు ఆ జాక్ దగ్గరే కలుస్తుంది, కార్డు మీద ఉన్న ఫైలు మాత్రం శుభ్రంగా ఉంటుంది. కాబట్టి సెట్‌లో హెడ్‌ఫోన్స్‌లో 'సీ' అని వినపడగానే టెన్షన్ పడి మైకులు మార్చేయకుండా, ఒక చిన్న టేక్ తీసి, ఆ ఫైలును కంప్యూటర్లో వినండి. అక్కడ గోల లేకపోతే మీ సమస్య వినే దారిదే తప్ప రికార్డింగుది కాదు.

ఫైల్లో ఉంటే మాత్రం, అది ఏ రకం గోలో చెవి పెట్టి వినాలి, ఎందుకంటే ఒక్కో దానికి ఒక్కో పుట్టుక ఉంటుంది. 'మ్మ్మ్' అని బొంగురుగా, తెగకుండా వస్తోందంటే అది కరెంటుది. మెయిన్స్, అంటే గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు, 50 హెర్ట్జ్ ఉన్న చోట ఆ 50తో పాటు 100, 150 దగ్గర కూడా వినిపిస్తుంది, 60 హెర్ట్జ్ ఉన్న చోట 60, 120, 180. 'స్స్స్' అని స్టేషన్ల మధ్య రేడియో బుసకొట్టినట్టు ఉంటే అది ఎక్కడో గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే స్థాయి, ఎక్కువై వస్తున్నది. సన్నటి ఈల, అదీ స్క్రీన్ వెలిగినప్పుడో ఫ్యాన్ తిరిగినప్పుడో స్థాయి మారుతోందంటే, పవర్ సప్లై మీద అనుమానం పెట్టుకోవాలి. వైరు కదిపితే చిటపటలాడితే ఇక ఆలోచించేదేముంది, వైరో, కనెక్టరో పోయింది. స్పెక్ట్రమ్ చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా తేలిక, హమ్, అంటే ఆ 'మ్మ్మ్' అయితే కింది భాగంలో సన్నటి అడ్డగీతల్లా కనబడుతుంది, బుస అయితే తెరంతా పొగలా పరుచుకుంటుంది.

ఆ తర్వాత అన్నీ తీసెయ్యడమే. కొత్త సామాను కొని తగిలించడం అని కాదు, ఉన్నది పీకెయ్యడం. కెమెరాను ఛార్జర్ మీంచి తీసి బ్యాటరీ మీద పెట్టండి, మానిటర్, వైర్‌లెస్ వీడియో ట్రాన్స్‌మిటర్, ఫోకస్ మోటర్, బొమ్మనూ శబ్దాన్నీ జత కుదర్చడానికి సమయం గుర్తులు పంపే టైమ్‌కోడ్ బాక్స్, మైకు, అన్నీ ఊడదీసి, గెయిన్ మామూలుగా ఉంచే చోటే ఉంచి కాసేపు రికార్డు చేయండి. అది ఆ కెమెరా సొంత చప్పుడు, ఆ గెయిన్ దగ్గర సాధారణంగా దాని కంటే మరీ నిశ్శబ్దంగా అది రికార్డు చేయజాలదు. ఇక ఒక్కొక్కటే తగిలించుకుంటూ, ప్రతిసారీ కాసేపు రికార్డు చేస్తూ పోతే, ఏది తగిలించగానే గోల మొదలైందో అదే దొంగ. చాలామంది ఇక్కడే ఓపిక చాలక ఒకేసారి మూడు మార్పులు చేస్తారు, గోల పోతుంది గానీ ఎందుకు పోయిందో తెలియదు, మర్నాడు మళ్లీ వస్తుంది.

నా లెక్కలో సినిమా కెమెరాల మీద ఎక్కువ తంటా తెచ్చేది పవర్. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి. కెమెరా ఒక ప్లగ్గులో, ఆడియో మిక్సర్ గోడకున్న ఇంకో ప్లగ్గులో ఉన్నాయనుకోండి. రెండింటికీ ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో కేబుల్ తొడుగు, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక, కూడా ఆ రెండు ఎర్త్‌లనే కలుపుతోంది. ఇప్పుడు గుండ్రంగా ఒక దారి ఏర్పడింది, అందులో చిన్న కరెంటు పారుతూ ఉంటుంది, అదే మీకు 'మ్మ్మ్'గా వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డు మీదికి తెస్తే చాలాసార్లు తగ్గుతుంది, కెమెరాను బ్యాటరీ మీద పెడితే దాదాపు పోతుంది, అప్పటికీ ఉంటే ఆడియో దారిలో, తీగలు నేరుగా కలవకుండానే శబ్దాన్ని దాటించే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి ప్లగ్ పెడితే గోల పోతుందని చెప్పేవాళ్లు ఉంటారు, నిజంగానే పోతుంది, కానీ ఆ పిన్ను ఉన్నది షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడటానికి. దయచేసి ఆ పని చేయకండి.

బ్యాటరీ మీద ఉన్నా లూప్ రావచ్చని మాత్రం చాలామందికి తట్టదు. వైర్‌లెస్ మైకు రిసీవర్‌ను కెమెరా బ్యాటరీకున్న డీ-ట్యాప్ అనే పవర్ సాకెట్ నుంచి నడుపుతున్నారు, దాని ఆడియో కేబుల్ కూడా అదే కెమెరాలోకి వెళ్తోంది. అంటే రిసీవర్ నుంచి కరెంటు వెనక్కి పోవడానికి రెండు దారులు, ఒకటి పవర్ కేబుల్లోని నెగటివ్, రెండోది ఆడియో కేబుల్ తొడుగు. కెమెరా ప్రాసెసర్, ఫ్యాన్, మోటర్లు గుంజే కరెంటు ఎగుడుదిగుళ్లు ఈ రెండో దారిలోకీ వచ్చి సన్నటి ఈలగా మారతాయి. పరీక్ష చాలా సులువు, రిసీవర్‌ను దాని సొంత సెల్స్ మీద నడపండి, ఈల టక్కున ఆగిపోతే దొంగ దొరికినట్టే. రోజంతా సెల్స్ మార్చుకుంటూ కూర్చోలేం అనుకుంటే, లోపల ఐసొలేషన్ ఉన్న పవర్ కన్వర్టర్ వాడాలి, మామూలు డీ-ట్యాప్ కేబుళ్లలో అది ఉండదు.

కేబుళ్ల మాటొచ్చింది కాబట్టి, పెద్ద మైకులకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌కి ఎందుకంత గౌరవమో చెప్పాలి. అందులో మూడు పిన్నులు. ఒకటో పిన్ను తొడుగుది, రెండో దాంట్లో మన శబ్దం నేరుగా, మూడో దాంట్లో అదే శబ్దం తలకిందులుగా పోతుంది. దారిలో బయటి గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది, చివర్లో కెమెరా ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తుంది, గోల కొట్టుకుపోయి శబ్దం మిగులుతుంది. చిన్న 3.5 మిల్లీమీటర్ల జాక్‌తో వచ్చే మామూలు మైకు కేబుళ్లకు ఈ రక్షణ లేదు, అందుకే వాటిని పొట్టిగా ఉంచాలి, పవర్ కేబుళ్లకూ డిమ్మర్ వైర్లకూ దూరంగా నడపాలి, దాటక తప్పకపోతే పక్కపక్కన పోనివ్వకుండా అడ్డంగా దాటించాలి.

ఈ రెండు రకాలను అడాప్టర్‌తో కలిపేటప్పుడు ఒక తమాషా జరుగుతుంది. కుడి ఎడమ రెండింటిలోనూ ఒకే గొంతు పంపే స్టీరియో ప్లగ్గును, ఎక్స్‌ఎల్‌ఆర్‌లో రెండు, మూడు పిన్నులకు కలిపారనుకోండి, కెమెరా దాన్ని కూడా బయటి గోల అనుకుని ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తుంది. అలా గొంతు మాయమై, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు పల్చగా వినిపిస్తుంది, మనం గెయిన్ తిప్పుకుంటూ పోతాం, బుస మాత్రం పెరుగుతుంది. మైకు బాగానే ఉంది, కెమెరా కూడా బాగానే ఉంది, అడాప్టరే తప్పు. ఒక వైపు సిగ్నల్ మాత్రమే తీసుకుని, మూడో పిన్నును ఒకటో పిన్నుతో కలిపి ఉంచే అడాప్టర్ వాడితే సరిపోతుంది.

ఇంకా బుస సంగతే. కెమెరా మెనూలో మైక్, లైన్ అని రెండు ఉంటాయి. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, మిక్సర్ నుంచి వచ్చే ప్రొఫెషనల్ లైన్ సిగ్నల్ 1.2 వోల్టుల దాకా ఉంటుంది, అంటే వందల రెట్ల తేడా. మిక్సర్‌ను మైక్ సెట్టింగులోకి తోస్తే మాట చీలిపోతుంది, మైకును లైన్ సెట్టింగులో పెడితే ఏమీ వినపడక ఎడిటింగులో పెంచాల్సి వస్తుంది, పెంచితే బుస కూడా లేస్తుంది. కెమెరాలో మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంపులు సాధారణంగా మంచి సౌండ్ రికార్డర్లంత నిశ్శబ్దంగా ఉండవు, కాబట్టి పెంచే పని బయట మంచి మిక్సర్‌కి అప్పజెప్పి, కెమెరాను లైన్‌లో తక్కువ గెయిన్‌తో ఉంచడమే మేలు. మీటర్లో మామూలు మాట -20 డెసిబెళ్ల చుట్టుపక్కల, పెద్దగా అరిచినప్పుడు -10కి అటూ ఇటూ ఉంటే చాలు, సున్నా దాటితే అక్కడ తెగిపోయింది తిరిగి రాదు. స్థాయిని కెమెరానే మార్చుకునే ఆటో గెయిన్ మాత్రం ఆపేయండి. మాట ఆగగానే అది గదిలోని ఏసీ చప్పుడును పైకి లేపుతుంది, మళ్లీ మాట రాగానే దించుతుంది, విన్నవాళ్లకు గది ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. 32 బిట్ ఫ్లోట్ అనే రికార్డింగ్ పద్ధతి వచ్చాక ఇవేవీ పట్టించుకోనక్కర్లేదని కొందరంటున్నారు, స్థాయి తప్పు పెట్టినా రికార్డర్ దగ్గర తెగకుండా అది కాపాడుతుంది నిజమే, కానీ మైకులోనో ప్రీయాంపులోనో పుట్టిన బుసను అది ఏమీ చేయలేదు.

మైకు నటుడికి ఎంత దగ్గరుంటే గెయిన్ అంత తక్కువ చాలు. ఆరుబయట దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెళ్లు పడిపోతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం అలాగే ఉంటుంది.

రెండో ఛానల్లో టైమ్‌కోడ్ శబ్దాన్ని రికార్డు చేసేవాళ్లకు ఇంకో మాట. అది 'కర్ర్ర్' అని రంపం కోసినట్టుంటుంది, దాని స్థాయి ఎక్కువైతే పక్క ఛానల్లోని మాటల్లోకి కారుతుంది. టైమ్‌కోడ్ బాక్సులో అవుట్‌పుట్‌ను మైక్ స్థాయికి తగ్గించండి, కెమెరాకు విడిగా టైమ్‌కోడ్ సాకెట్ ఉంటే దాన్నే వాడండి. ఫోన్ల గోల అందరికీ తెలిసిందే, 'టిక్ టిటిక్ టిటిక్' అని ఫోన్ మోగే ముందే వచ్చేది, పాత 2జీ ఫోన్ సెకనుకు 217 సార్లు సిగ్నల్ వదలడం వల్ల పుడుతుంది. సైలెంట్‌లో పెడితే లాభం లేదు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. కెమెరా మీదున్న వీడియో ట్రాన్స్‌మిటర్ కూడా ఇలాంటి తగువే తెస్తుంది, మైకు రిసీవర్ యాంటెన్నాకు దాన్ని వీలైనంత ఎడంగా బిగించండి. ఫ్యాన్ విషయానికొస్తే, రికార్డు చేసేటప్పుడు నెమ్మదించే సెట్టింగు చాలా సినిమా కెమెరాల్లో ఉంటుంది, మెనూలో వెతకండి, టేకుల మధ్య మాత్రం దాన్ని వేగంగా తిరగనివ్వండి, లేకపోతే వేడెక్కి టేకు మధ్యలోనే ఎక్కువగా తిరగడం మొదలెడుతుంది.

ఇప్పటికే రికార్డయిపోయిన దాని సంగతేమిటంటే, ఒకే తీరున వస్తున్న హమ్, ఈల లాంటివి సాఫ్ట్‌వేర్ బాగానే తీస్తుంది, చిటపటలు కొంతవరకు, మాట మీద పడిన ఫోన్ గోల లాంటిది మాత్రం కష్టం. సాయానికి ప్రతి లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది శబ్దం రికార్డు చేసుకోండి, సాఫ్ట్‌వేర్‌కి ఆ గోల నమూనా దొరుకుతుంది.

అన్నీ ఊడదీసినా, బ్యాటరీ మార్చినా, కేబుల్ మార్చినా ఆ ఈల ఒకే ఛానల్లో అలాగే ఉందంటే అప్పుడు కెమెరానే అనుమానించాలి. సర్వీసుకి పంపేటప్పుడు ఊరికే 'సౌండ్ బాలేదు' అని రాసి పంపితే వాళ్లు తమ మైకు పెట్టి చూసి అంతా బాగుందని తిప్పి పంపేస్తారు. అందుకే ఏమీ తగిలించకుండా తీసిన ఫైలు ఒకటి, మైకుతో తీసింది ఒకటి, అదే మైకు రెండో ఛానల్లో తీసింది ఇంకోటి, వాటితో పాటు గెయిన్ ఎంతలో ఉంది, కెమెరా నుంచి మైకుకు కరెంటు పంపే ఫాంటమ్ పవర్ వేసి ఉందా, కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ ఏది నడుస్తోంది అన్న వివరాలు కాగితం మీద రాసి కెమెరా పెట్టెలోనే పెట్టి పంపండి.