పాత పామ్‌లో అలారం మోగట్లేదా, టైము ఇచ్చారేమో చూడండి

నమస్కారమండీ. మీ ఇంట్లో ఏ సొరుగులోనో పాత పామ్ ఒకటి ఉండే ఉంటుంది, అదే, అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ డైరీ, చిన్న పుల్లతో అద్దం మీద రాసేది. 1996లో మొదటి పామ్ పైలట్ అనే పేరుతో వచ్చినప్పుడు పెద్ద మోడల్లో కూడా మెమరీ 512 కేబీనే, రిమోట్లో వేసే సన్న సెల్స్ రెండు వేస్తే వారాలకు వారాలు నడిచేది. ఇప్పటికీ దాన్నే డైరీగా వాడుకునేవాళ్ళున్నారు, మా బాబాయ్ అలాగే. టైము కొంచెమే ఉంది కాబట్టి ఇవాళ అలారం సంగతొక్కటే చెప్తా.

ఓరోజు రాత్రి బాబాయ్ ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇది పాడైందిరా, మీ పిన్ని పుట్టినరోజు 4వ తారీఖు, అలారం కూడా పెట్టుకున్నా, పొద్దున్న మోగనే లేదు, సాయంత్రం ఇంటికొచ్చి దీన్ని ఆన్ చేస్తే అప్పుడు కనపడింది, పాపం ఆవిడ పొద్దున్నించీ ఏం అనలేదు" అన్నారు. ఆయన గొంతు వింటే నాకే మనసు చివుక్కుమంది.

మర్నాడు వెళ్ళి చూశా. సౌండ్ బానే ఉంది, తారీఖూ టైమూ సరిగ్గానే ఉన్నాయి. డేట్ బుక్, అంటే అందులోని క్యాలెండర్, తెరిస్తే పిన్ని పుట్టినరోజు పక్కన టైము లేదు, చిన్న డైమండ్ గుర్తుంది. అంటే నో టైమ్ అని పెట్టారన్నమాట. పుట్టినరోజుకి టైమేంటి, రోజంతా పుట్టినరోజేగా, ఎవరైనా అలాగే పెడతారు. కానీ టైము ఇవ్వకపోతే పామ్ ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి నుంచి వెనక్కి లెక్కేస్తుంది. అలారం 5 నిమిషాల ముందు అని ఉందా, 4వ తారీఖు పుట్టినరోజుకి 3వ తారీఖు రాత్రి 11:55కి వస్తుంది, అదీ చప్పుడు లేకుండా, టైము లేనివాటికి అలారం సైలెంటే, స్క్రీన్ మీద మాట మాత్రం కనపడుతుంది, మనం ఆన్ చేసి చూసి తీసేసేదాకా అలాగే ఉంటుంది. పాపం అది రాత్రే చెప్పింది, బాబాయ్ నిద్రపోతున్నారు.

అందుకని వెంటనే టైము పెట్టించా. పొద్దున్న 7 గంటలు, అలారం 0 నిమిషాలు, రిపీట్ ఏటా. టైము పెట్టండి, మళ్ళీ చెప్తున్నా, టైము పెట్టండి, పెళ్ళిరోజైనా, బిల్లు కట్టే రోజైనా, మందులు తెచ్చుకునే రోజైనా సరే.

టైము ఉన్నా మోగట్లేదంటే ప్రిఫరెన్సెస్‌లో, అంటే సెట్టింగుల్లో, జనరల్ చూడండి. అక్కడ సిస్టమ్ సౌండ్, అలారం సౌండ్, గేమ్ సౌండ్ దేనికదే వేరు, టిక్కుటిక్కు చప్పుళ్ళు విసుగొచ్చి అన్నీ ఆఫ్ చేసినప్పుడు అలారం కూడా పోయుండొచ్చు. సెల్స్ పూర్తిగా అయిపోయి మళ్ళీ వేస్తే తారీఖు కూడా చూసుకోవాలి. అప్పటికీ కాకపోతే వెనక చిన్న రంధ్రంలో పిన్ను లాంటిది నొక్కి రీసెట్ చేయండి, డేటా పోదు, కానీ ఆ టైములో పవర్ బటన్ మాత్రం పట్టుకోకండి, అది హార్డ్ రీసెట్, ఉన్న పేర్లూ నంబర్లూ అన్నీ తుడిచిపెట్టేస్తుంది. నాకైతే రీసెట్ ఆఖర్నే చేయాలనిపిస్తుంది, ముందు ఒకసారి కంప్యూటర్‌తో హాట్‌సింక్ చేసుకుంటే, అంటే డేటా కంప్యూటర్లోకి కాపీ చేసుకుంటే, ఇంకా ధైర్యం.

చివర్లో టెస్ట్ చేయండి. ఇంకో 3 నిమిషాల తర్వాతి టైముకి ఏదో ఒకటి రాసి, అలారం 0 నిమిషాలు పెట్టి, పామ్ ఆఫ్ చేసి బల్ల మీద పెట్టండి. ఆఫ్ చేసే చూడాలి, ఎందుకంటే మనకి దాని అవసరం పడేది అది ఆఫ్‌లో ఉన్నప్పుడే. దానంతటదే లేచి మోగిందా, సరే. ఉంటానండీ.