బ్రెగ్జిట్ తరువాత నివాస హక్కు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. బ్రిటన్‌లోనూ ఐరోపాలోనూ స్థిరపడిన తెలుగువారి కోసం జరుపుతున్న న్యాయ సలహా కార్యక్రమానికి స్వాగతం. బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగింది, పాత ఐరోపా నియమాలే కొనసాగిన పరివర్తన కాలం కూడా అదే సంవత్సరం డిసెంబరు 31తో ముగిసింది. అయినా ఈ రెండో తేదీ ప్రస్తావన లేకుండా మాకు ఏ వారమూ ఉత్తరాలు రావడం లేదు. జవాబులు చెప్పడానికి లండన్‌లో వలస చట్టాలపై ప్రాక్టీసు చేస్తున్న సొలిసిటర్ గారు వచ్చారు. మొదటి ఫోన్ రీడింగ్ పట్టణం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (రీడింగ్): నమస్కారమండీ. మావారు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు డచ్ పౌరసత్వం తీసుకున్నారు. 2018లో మేము ఇక్కడికి వచ్చాము, ఇద్దరికీ సెటిల్డ్ స్టేటస్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు వచ్చింది. నాది మాత్రం భారతీయ పాస్‌పోర్టే. మొన్న కాకినాడ నుంచి తిరిగి వస్తుంటే శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నన్ను ఆపేశారు. నా దగ్గర ఉన్న ప్లాస్టిక్ కార్డు గడువు 2024 డిసెంబరు 31తోనే తీరిపోయింది. కార్డుకు బదులు ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసాను ఫోన్‌లో తెరిచి చూపిస్తే, తమ కంప్యూటర్‌లో అనుమతి కనబడటం లేదన్నారు. వెనుక క్యూ పెరిగిపోతోంది, పాపేమో ఏడుస్తోంది. చివరికి సూపర్‌వైజర్ వచ్చి, ఎవరికో ఫోన్ చేసి, అప్పుడు బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ప్రతిసారీ ఇలాగే ఉంటుందా?

సలహాదారు: ఈ మధ్య పాస్‌పోర్టు ఏమైనా మార్చారా అమ్మా?

శ్రోత (రీడింగ్): అవునండీ, పోయిన ఏడాది రెన్యూ చేయించాను.

సలహాదారు: అయితే చిక్కు అక్కడే ఉంది. మీ హక్కు చెక్కుచెదరలేదు గానీ, వలసల వ్యవహారం చూసే ప్రభుత్వ శాఖ, అంటే హోమ్ ఆఫీసు, దగ్గరున్న మీ ఖాతాలో ఇంకా పాత పాస్‌పోర్టు నంబరే ఉంది. విమాన సంస్థ కంప్యూటర్ కొత్త నంబరుతో అడిగినప్పుడు అక్కడ ఏమీ దొరకదు. ఈ రాత్రికే ఖాతాలోకి వెళ్లి కొత్త పాస్‌పోర్టు వివరాలు చేర్చండి. ప్రయాణానికి ముందు, మీ హక్కును ఇతరులు ఆన్‌లైన్‌లో సరిచూసుకోవడానికి ఇచ్చే షేర్ కోడ్ తీసుకుని కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి, ఎందుకంటే విమానాశ్రయంలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవడం తెలివైన పని కాదు. ఐరోపా పౌరులకు మొదటి నుంచీ చేతికి కార్డు ఇవ్వలేదు, ఇమ్మని వారి సంఘాలు ఏళ్ల తరబడి అడిగినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. మీలాంటి కుటుంబ సభ్యులకు ఇచ్చిన కార్డులు కూడా ఇప్పుడు పోయాయి.

శ్రోత (రీడింగ్): ఇంకో మాటండీ. మా అత్తగారు కాకినాడలో ఒంటరిగా ఉంటున్నారు. ఆవిడను తెచ్చుకోవచ్చా? అలాగే మా అమ్మ...

సలహాదారు: అత్తగారి గురించి అడిగితే అమ్మగారి మాట కూడా వస్తుందని అనుకుంటూనే ఉన్నాను. మీ పెళ్లి 2020 డిసెంబరు 31కి ముందే జరిగింది కనుక ఇద్దరికీ దారి ఉంది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ కుదుర్చుకున్న ఉపసంహరణ ఒప్పందం ప్రకారం, ఆ తేదీ నాటికే ఉన్న బంధుత్వం చెల్లుతుంది, వచ్చేది ఆ తరువాత ఎప్పుడైనా కావచ్చు. వారు భారతదేశం నుంచే ఫ్యామిలీ పర్మిట్ అనే ప్రవేశ అనుమతికి దరఖాస్తు చేయాలి, దానికి ఫీజు లేదు. ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు, ఐరోపా పౌరులకూ వారి కుటుంబాలకూ నివాస హక్కు ఇచ్చే సెటిల్‌మెంట్ స్కీమ్‌కు మళ్లీ దరఖాస్తు చేయాలి. అయితే 2021 జూలై 1 తరువాత చేసే దరఖాస్తుల్లో, తల్లిదండ్రులు తమ కనీస అవసరాల కోసం మీ మీద ఆధారపడి ఉన్నారని రుజువు చూపించవలసి ఉంటుంది. మీరు నెలనెలా పంపే డబ్బుకు బ్యాంకు లెక్కలు, ఆ డబ్బు మందులకూ ఇంటి ఖర్చుకూ వెళ్లినట్టు చూపే బిల్లులు, ఆవిడకు వేరే ఆదాయం ఎంత ఉందో చెప్పే పత్రాలు సిద్ధం చేసుకోండి. అత్తగారికి పింఛను వస్తోందా?

శ్రోత (రీడింగ్): మామగారి ఫ్యామిలీ పింఛను వస్తుందండీ. మందులకే సరిపోదు.

సలహాదారు: సరిపోదన్న ఆ మాటను అంకెలతో చూపించాలి. పింఛను ఎంత, ఖర్చు ఎంత, తేడాను ఎవరు పూడుస్తున్నారు అన్న లెక్క ఒక పేజీలో స్పష్టంగా ఉండాలి. పింఛనుతోనే ఇల్లు గడిచిపోతుంటే మాత్రం దరఖాస్తు నిలబడదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. లైసెన్సు లేకుండా వలస వ్యవహారాలలో సలహా ఇవ్వడం ఈ దేశంలో నేరం. మీకు తెలిసిన పెద్దమనిషి ఎంత మంచివాడైనా సరే, ఆయన చేత ఫారం నింపించకండి.

వ్యాఖ్యాత: లెస్టర్ నుంచి ఒక శ్రోత చాలాసేపటి నుంచి లైన్‌లో ఉన్నారు.

శ్రోత (లెస్టర్): మేడమ్, మీరు చెప్పింది వింటుంటే నాకు ఒళ్లు మండుతోంది. కోపం మీ మీద కాదు. నేను బ్రిటిష్ పౌరుణ్ణి. 2014లో మా ఆవిడను గుంటూరు నుంచి తెచ్చుకోవడానికి, ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉందని చూపడానికి నెలల తరబడి ఓవర్‌టైమ్ చేశాను. మా వీధిలో ఉండే పోలండ్ ఆయన ఏ ఆదాయం లెక్కా చూపకుండానే బ్రెజిల్ నుంచి భార్యను తెచ్చుకున్నాడు. ఇప్పుడేమో అమ్మను, అత్తను కూడా తెచ్చుకోవచ్చంటున్నారు. నా సొంత దేశంలో నాకు లేని హక్కు పరాయివాడికి ఎందుకు? అందుకే 2016 జూన్ 23 రిఫరెండంలో యూనియన్ నుంచి బయటికి రావాలనే ఓటు వేశాను. ఇప్పటికీ నాకు విచారం లేదు.

సలహాదారు: మీరు చెప్పిన తేడా నిజమేనండీ, దాన్ని కాదనడం మర్యాద కాదు. ఐరోపా పౌరుడు ఐరోపా చట్టం కిందికి వచ్చేవాడు, మీరు బ్రిటిష్ వలస నియమాల కిందికి వచ్చారు. దీనికి ఒక పక్కదారి కూడా ఉండేది. అది మొదలైంది సురీందర్ సింగ్ అనే భారతీయుడి కేసుతోనే. ఆయన, ఆయన బ్రిటిష్ భార్య జర్మనీలో పనిచేసి ఇక్కడికి తిరిగి వచ్చారు. మరో సభ్యదేశంలో పనిచేసి వచ్చిన బ్రిటిష్ పౌరురాలికి కూడా ఐరోపా చట్టం ఇచ్చే కుటుంబ హక్కు ఉంటుందని లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 1992లో తీర్పు చెప్పింది. ఎందరో బ్రిటిష్ ఆసియన్లు ఐర్లండ్‌లో కొంతకాలం పనిచేసి ఆ దారిన భార్యాభర్తలను తెచ్చుకున్నారు. బ్రెగ్జిట్‌తో కొత్తవారికి ఆ దారి మూసుకుపోయింది. మీరు 18,600 పౌండ్లు చూపించారు, మీ అబ్బాయి రేపు గుంటూరు అమ్మాయిని పెళ్లాడితే 29,000 చూపించాలి. 2024 ఏప్రిల్ నుంచి అంకె అది. ఐరోపావారికి అలాంటి హక్కు ఇకమీదట రాకుండా చేశారు, నిజమే. మరి మీ చేతికి ఏమి వచ్చింది?

శ్రోత (లెస్టర్): మనవాళ్లకు వీసాలు వచ్చాయి కదండీ! ఐరోపావాళ్లను ఆపితే మన హోటళ్లకు వంటవాళ్లు వస్తారని అప్పట్లో మంత్రిగా ఉన్న ప్రీతి పటేల్ గారు చెప్పారు. వంటవాళ్ల మాట పక్కన పెట్టండి, ఐటీ వాళ్లు, నర్సులు, విద్యార్థులు ఎంతమంది వచ్చారో మీకే తెలుసు.

సలహాదారు: వచ్చారు, ఒప్పుకుంటాను. బ్రెగ్జిట్ తరువాత వీసాలు పొందిన వారిలో భారతీయులు ముందు వరుసలో ఉన్నారు. కానీ వారికి దొరికింది అనుమతి మాత్రమే. 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు భార్యాపిల్లలను తెచ్చుకోలేకపోయారు, మార్చి నుంచి కేర్ వర్కర్లకూ అదే వర్తించింది. 2025 జూలైలో విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకమే ఆపేశారు, నిపుణుల వీసాకు సాధారణ జీతం పరిమితిని 41,700 పౌండ్లకు పెంచారు. ఇవన్నీ నియమాల సవరణతో, కొన్నైతే వారాల వ్యవధిలోనే అమలైపోయాయి. ఇందాక రీడింగ్ నుంచి మాట్లాడిన అమ్మాయి హక్కును అలా మార్చలేరు, ఎందుకంటే అది అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడినా, ఒకరి చేతిలో టికెట్ ఉంది, రెండోవారు స్టేషన్ మాస్టర్ దయ మీద ఉన్నారు.

శ్రోత (లెస్టర్): ఏదేమైనా, ఈ దేశంలో ఓటున్నవాళ్లందరూ కలిసి తీసుకున్న నిర్ణయం అది. దాన్ని గౌరవించాలి.

సలహాదారు: గౌరవించాలి. అయితే ఓటు ఎవరికి ఉందో కూడా గుర్తు పెట్టుకోండి. ఇక్కడ ఉంటున్న భారత్ వంటి కామన్వెల్త్ దేశాల పౌరులకు ఆ రిఫరెండంలో ఓటు ఉంది. అంటే మాస్టర్స్ చదవడానికి వచ్చి ఇంకా ఏడాది నిండని విజయవాడ కుర్రవాడు ఓటు వేయగలిగాడు. పదిహేనేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్న మీ వీధి పోలండ్ ఆయన వేయలేకపోయాడు. ఎవరి జీవితం మారబోతోందో వారినే అడగలేదు. ఓటింగ్‌కు మూడు వారాల ముందు, జూన్ 1న, బ్రెగ్జిట్ ప్రచార నాయకులు బోరిస్ జాన్సన్, మైకేల్ గోవ్, మీరు చెప్పిన ప్రీతి పటేల్, గిసెలా స్టువర్ట్ ఒక ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న ఐరోపా పౌరులకు శాశ్వత నివాస అనుమతి దానంతట అదే లభిస్తుందని, ఇప్పటికంటే తక్కువగా చూడబోమని అందులో ఉంది. దానంతట అదే అన్నది గమనించండి, చివరికి అందరూ దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. మీ ఓటు మీద నాకు తగవు లేదు, ఆ మాట నిలబెట్టుకోకపోవడం మీదనే ఉంది.

శ్రోత (లెస్టర్): మాట ఇచ్చినప్పుడు నిలబెట్టుకోవాలి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ మా ఆవిడ కోసం నేను పడ్డ కష్టం గురించి ఆ రోజుల్లో ఎవరూ ప్రకటన ఇవ్వలేదండీ.

సలహాదారు: లేదు. మీకు జరిగిన అన్యాయం 2012లో ఆ ఆదాయ నియమం పెట్టిన లండన్ ప్రభుత్వం చేసినది, అందులో బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ ప్రమేయం లేదు.

వ్యాఖ్యాత: ఈస్ట్ హామ్ నుంచి ఒక పెద్దాయన మాట్లాడుతున్నారు.

శ్రోత (ఈస్ట్ హామ్): నమస్కారం. మాది యానాం. 1962లో ఫ్రాన్సు అధికారికంగా వదులుకున్నప్పుడు మా నాన్నగారు ఫ్రెంచి పౌరసత్వమే కోరుకున్నారు కనుక నేను ఫ్రెంచి పౌరుణ్ణి. 2006 నుంచి ఇక్కడే గిడ్డంగిలో పనిచేస్తున్నాను. 2016లో పర్మనెంట్ రెసిడెన్స్ పత్రం తీసుకున్నాను. ఆ పేరులోనే శాశ్వతం ఉంది కదా అని ఇంకేమీ చేయలేదు. గిడ్డంగి మూతపడింది. కొత్తచోట ఉద్యోగం ఇస్తామని చెప్పి షేర్ కోడ్ అడిగారు. నా దగ్గర లేదు. నన్ను పంపేస్తారా అమ్మా?

సలహాదారు: కంగారు పడకండి బాబాయ్ గారూ. ముందు ఒక మాట చెప్పండి. 2020 నుంచి ఇప్పటిదాకా ఎక్కువ కాలం దేశం విడిచి వెళ్లారా?

శ్రోత (ఈస్ట్ హామ్): తమ్ముడి కూతురి పెళ్లికి నెల రోజులు యానాం వెళ్లాను. అంతే.

సలహాదారు: అయితే మీ పరిస్థితి మీరు అనుకున్నంత అధ్వాన్నంగా లేదు. మీ పాత పత్రం 2021 జూన్ 30తో చెల్లకుండా పోయింది. దాని బదులు సెటిల్‌మెంట్ స్కీమ్‌కు దరఖాస్తు చేయవలసింది, దానికి చివరి తేదీ కూడా అదే. కానీ సహేతుకమైన కారణం ఉంటే ఆలస్యంగానైనా దరఖాస్తు చేయవచ్చని ఒప్పందంలోనే ఉంది. 2023 ఆగస్టు నుంచి హోమ్ ఆఫీసు ఈ కారణాలను గట్టిగా పరిశీలిస్తోంది. స్కీమ్ గురించి తెలియదన్న ఒక్క మాట ఇప్పుడు సరిపోదు. మీ దగ్గర అంతకంటే బలమైన ఆధారం ఉంది. వారే ఇచ్చిన శాశ్వత నివాస పత్రాన్ని నమ్మి ఊరుకున్నారు, అలాంటి పరిస్థితిని సహేతుక కారణంగా పరిగణించవచ్చని వారి మార్గదర్శకాలలోనే చేర్చారు. ఆ పత్రం, పాస్‌పోర్టు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు జతచేయండి. ఆ నంబరుతో మీరు పన్ను కట్టిన సంవత్సరాలు వారికి నేరుగా కనిపిస్తాయి. ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు నాకు చెప్పినంత సూటిగా రాయండి, కల్పించి ఏదీ చేర్చకండి.

శ్రోత (ఈస్ట్ హామ్): అంతవరకు పని?

సలహాదారు: దరఖాస్తు చెల్లుతుందని చూసుకున్న తరువాత దానికి గుర్తుగా ఒక సర్టిఫికెట్ పంపుతారు. దాని ఆధారంగా యజమాని హోమ్ ఆఫీసును అడిగి మిమ్మల్ని పనిలోకి తీసుకోవచ్చు. నిర్ణయం వచ్చేవరకు మీ హక్కులకు రక్షణ ఉంటుంది. రేపే దరఖాస్తు చేయండి, ఎందుకంటే ఇకనుంచి జరిగే ప్రతి రోజు ఆలస్యానికీ వేరుగా కారణం అడుగుతారు.

శ్రోత (ఈస్ట్ హామ్): ఒకటి అడుగుతాను. ఇన్నేళ్లు పన్ను కట్టాను, పత్రం కూడా ఇచ్చారు. నాకు హక్కు ఉన్నదని వాళ్లకు తెలుసు. మళ్లీ నేను అడుక్కోవడం ఏమిటి?

సలహాదారు: ఈ వాదమంతా చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఒప్పందంలోని 18వ అధికరణం రెండు పద్ధతులకు అవకాశం ఇచ్చింది. ఒక పద్ధతిలో హక్కు మీకు ఉంటుంది, కాగితం దానికి సాక్ష్యం మాత్రమే. జర్మనీ, స్పెయిన్ తమ దగ్గర ఉన్న బ్రిటిష్ వారికి ఆ పద్ధతినే పాటించాయి. రెండో పద్ధతిలో దరఖాస్తు చేసి ఒప్పించుకుంటేనే హక్కు పుడుతుంది, గడువు దాటితే లేదు. బ్రిటన్ దాన్ని ఎంచుకుంది. మీరు పౌరులుగా ఉన్న ఫ్రాన్సు కూడా బ్రిటిష్ వారి విషయంలో ఆ దారినే పట్టింది, కాబట్టి తప్పు ఒక్క ఒడ్డునే లేదు. దశాబ్దాలుగా ఫ్రాన్సులో ఉన్న ఒక బ్రిటిష్ మహిళ స్థానిక ఎన్నికల్లో ఓటు పోయిందని కోర్టుకు వెళితే, ఐరోపా పౌరసత్వంతో పాటే అదీ పోయిందని 2022 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. విదేశంలో పదిహేనేళ్లు దాటితే ఓటు పోయే నియమం వల్ల అప్పటికి ఆమెకు బ్రిటన్‌లోనూ ఓటు లేదు.

వ్యాఖ్యాత: మ్యూనిక్ నుంచి ఒక సందేశం. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న ఈ శ్రోత 2017 నుంచి జర్మనీలో ఉన్నారు. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం వస్తే ఒప్పందం కింద వెళ్లవచ్చా అని అడుగుతున్నారు.

సలహాదారు: వెళ్లలేరు. ఒప్పందం కాపాడేది మీరు ఉన్న దేశంలో మాత్రమే. డచ్ వీసా తీసుకోండి, లేదా ముందే జర్మన్ పౌరసత్వం తీసుకోండి. 2024 జూన్ నుంచి జర్మనీ రెండో పౌరసత్వాన్ని వదులుకోమని అడగడం లేదు కనుక బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంచుకోవచ్చు.

వ్యాఖ్యాత: ఆఖరి సందేశం గ్లాస్గో నుంచి. దంపతులిద్దరూ ఐరిష్ కాని ఐరోపా పాస్‌పోర్టు ఉన్న తెలుగువారు, ఇద్దరిదీ ప్రీ-సెటిల్డ్ స్టేటస్, అంటే గడువు ఉన్న తాత్కాలిక నివాస హక్కు. దాని గడువు తీరితే ఏమవుతుంది, 2022లో ఇక్కడ పుట్టిన బాబు బ్రిటిష్ పౌరుడేనా అని అడిగారు.

సలహాదారు: మొదటి ప్రశ్నకు మంచి జవాబే ఉంది. సెటిల్డ్ స్టేటస్ కోసం రెండోసారి దరఖాస్తు చేయనంత మాత్రాన హక్కు పోతుందనడం ఒప్పందానికి విరుద్ధమని 2022 డిసెంబరులో హైకోర్టు చెప్పింది. కేసు వేసింది స్వాన్సీలో ఉన్న పర్యవేక్షణ సంస్థ, అంటే పౌరుల హక్కుల కోసం ఒప్పందమే ఏర్పాటు చేయించిన సంస్థ. ఆ తీర్పు వల్ల గడువును హోమ్ ఆఫీసు వారే పొడిగిస్తున్నారు. 2025 జనవరి నుంచి అర్హులైన కొందరికి సెటిల్డ్ స్టేటస్‌ను కూడా వారంతట వారే ఇస్తున్నారు. అయినా వారి కోసం కాచుకుని కూర్చోకండి. గత 60 నెలలలో మొత్తం 30 నెలలు ఇక్కడ ఉంటే చాలన్న సడలింపు 2025 జూలైలో వచ్చింది, మీరే దరఖాస్తు చేసేయండి. బాబు మాత్రం పుట్టుకతో బ్రిటిష్ పౌరుడు కాడు, ఎందుకంటే పుట్టిన నాటికి మీలో ఒక్కరికీ సెటిల్డ్ స్టేటస్ లేదు. పుట్టిన మూడు నెలల లోపు స్కీమ్‌లో బాబు పేరు మీద దరఖాస్తు చేశారా లేదా అన్నది సందేశంలో రాయలేదు. చేయకపోతే ఈ వారమే ఆలస్యపు దరఖాస్తు పెట్టండి, పసివాడి విషయంలో తల్లిదండ్రుల పొరపాటును సహేతుక కారణంగానే చూస్తారు. మీలో ఒకరికి సెటిల్డ్ స్టేటస్ రాగానే బాబును బ్రిటిష్ పౌరుడిగా నమోదు చేయించవచ్చు. దానికి ఫీజు ఎక్కువే, కట్టుకునే స్తోమత లేదని చూపగలిగితే మినహాయింపు అడిగే వీలు కూడా ఉంది.